రెండో బండిగా పికప్ కొంటున్నారా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఏది సరిపోతుంది

ఇంట్లో ఒక కారో, రెండు బైకులో ఉంటాయి. తోట నుంచి కొబ్బరికాయలు తేవాలన్నా, కడుతున్న ఇంటికి సిమెంటు వేయాలన్నా, కొట్లోకి టౌను నుంచి సరుకు దింపాలన్నా కిరాయి బండికి ఫోన్ చేయాలి. మామూలు రోజుల్లో పిలిస్తే వస్తుంది. కోతలు మొదలయ్యాక, పెళ్లి ముహూర్తాలప్పుడు, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం ఎవరూ ఫోనెత్తరు. "మనకే ఒక చిన్న బండి ఉంటే పోయేది కదా" అనే మాట అప్పుడే వస్తుంది.

ఆ మాట పట్టుకుని షోరూముకి వెళ్తే ఏడు లక్షల బండి చూద్దామని వెళ్లినవాళ్లకి పదకొండు లక్షల బండి చూపిస్తారు. ఊళ్లోకొస్తే బంధువులు ఇంకోలా అంటారు: "ఏటి బావా, కొంటే పెద్దదే కొనుక్కో, చిన్నది దేనికి పనికొస్తాది?" ఈ రెండు మాటలూ పక్కన పెట్టండి. ఏడాదికి రెండుసార్లు వేసే బరువును చూసి బండి కొనకూడదు. వారం వారం వేసే బరువు ఎంత, ఆ బరువు దిగే చోటికి రోడ్డు ఎలా ఉంది అన్నది చూసి కొనాలి. ధాన్యం మిల్లుకి వెళ్లే ఆ రెండు రోజులకీ ట్రాక్టరో పెద్ద బండో కిరాయికి పెట్టుకోవచ్చు.

## ముందు ఒక లెక్క

ఐదు లక్షల అప్పు, పది శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకోండి. ఈఎంఐ నెలకి సుమారు 10,600 రూపాయలు. ఏడాదికి లక్షా 27 వేలు దాటుతుంది. ఇన్సూరెన్సు కూడా కలిపితే లక్షన్నర దగ్గరికి వస్తుంది. ఇందులో చుక్క పెట్రోలు లేదు, టైర్లు లేవు, సర్వీసింగు లేదు. మీ దగ్గర ఒక కిరాయి పదిహేను వందలు అనుకుంటే, ఆ డబ్బుకి ఏడాదికి వంద కిరాయిలు వస్తాయి. అంటే వారానికి రెండు. అంతకంటే తక్కువసార్లు బండి పిలిచేవాళ్లకి డబ్బు లెక్కన కిరాయే నయం.

అయితే ఆగే సరుకు, ఆగని సరుకు అని రెండున్నాయి. సిమెంటు రేపు వచ్చినా ఏం కాదు. తెల్లారేసరికి రైతు బజారులో ఉండాల్సిన కూరగాయలు, ఐసు కరిగిపోయే చేపలు, రాత్రి భోజనాలకి పెట్టాల్సిన క్యాటరింగు పాత్రలు ఆగవు. కిరాయి బండి ఒక్కసారి ఆలస్యమైతే ఆ రోజు సరుకు మొత్తం పోతుంది. ఆగని సరుకు మీదైతే వారానికి రెండు కిరాయిల లెక్క చూడక్కర్లేదు, సొంత బండి కొనేయండి.

"ఖాళీగా ఉన్న రోజుల్లో మనమే కిరాయికి తిప్పుదాం" అని కొందరు లెక్కలో ఆదాయం కూడా రాసుకుంటారు. డ్రైవరు దొరకాలి, దొరికినవాడు నిలవాలి, బండి ఎక్కడుందో అని రాత్రి టెన్షన్ పడాలి. అది వేరే వ్యాపారం. ఇంటికి రెండో బండి కొనేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

## బండి చూసేముందు తేల్చుకోవలసినవి

బరువు. కంపెనీవాళ్లు కిలోల్లో చెప్తారు. మనం బస్తాల్లోకి మార్చుకుంటే తేలిక. ఉద్దానంలో జీడిపిక్కల బస్తా 80 కిలోలు. 750 కిలోల బండి అంటే అలాంటివి తొమ్మిది. 1,300 కిలోల బండి అంటే పదహారు. సిమెంటు అయితే బస్తా 50 కిలోలు కాబట్టి పదిహేను, ఇరవై ఆరు. "పర్లేదు సార్, రెట్టింపు లాగుద్ది" అని సేల్స్ కుర్రాడు అంటే నవ్వి ఊరుకోండి. లాగుతుంది, నిజమే. బ్రేకులు ఆ బరువుకి చేసినవి కావు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో రెండు వేలు అని రాశారు.

పొడవు. బరువు గురించి అందరూ అడుగుతారు, దీన్ని ఎవరూ కొలవరు. చిన్న బండ్ల బాడీ ఏడడుగుల పైన రెండంగుళాలు ఉంటుంది. బీరువా పడుకోబెడితే పడుతుంది. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, అది పట్టదు. వెనక డోరు దించి తాడు కట్టుకుని తేవాలి. ఇరవై అడుగుల జీఐ పైపు అయితే ఏ పికప్పులోనూ పట్టదు, అందరూ క్యాబిన్ మీదుగా వేసి ఎర్రగుడ్డ కడతారు. బాడీ దాటి సరుకు బయటికి వచ్చినా చట్టంలో జరిమానా 20,000 రూపాయలే. వడ్రంగులు, ప్లంబర్లు, టెంట్‌హౌస్ వాళ్లు టేపు పట్టుకుని షోరూముకి వెళ్లాలి. కొబ్బరికాయలు, గడ్డి వేసేవాళ్లకి బరువు కన్నా ముందు జాగా నిండిపోతుంది. వాళ్లూ పొడవే చూసుకోవాలి.

రోడ్డు. మన రెండు జిల్లాల్లోనే నాలుగు రకాల రోడ్లున్నాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీద రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా లారీలతో పోటీపడి పోవాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటల్లోకి ఇసుక దారులు. రాజాం, చీపురుపల్లి, గజపతినగరం వైపు పల్లె తారు రోడ్లు, వాటి చివర పొలం గట్టు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట, సాలూరు వైపు ఘాట్లు. ఇసుక గురించి ఒక మాట గుర్తుంచుకోండి. ఈ సరుకు బండ్లలో దాదాపు అన్నిటికీ లాగేవి వెనక చక్రాలే. ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువు ఉండదు కాబట్టి, సరుకుతో దాటిన ఇసుకలోనే ఖాళీగా వస్తూ కూరుకుపోతుంది. తోట దారిలో తిరిగేవాళ్లు వెనక ఇరుసు మీదకొచ్చేలా రెండు మూడు బస్తాల ఇసుక ఉంచుకుని తిరుగుతారు.

మనుషులు. మామూలు పికప్పులో డ్రైవరు పక్కన ఒకరు, కొన్నింటిలో ఇద్దరు. అంతే. వెనక బాడీలో మనుషుల్ని ఎక్కించడం మన వైపు మామూలైపోయింది. పెళ్లికీ అలాగే, కూలికీ అలాగే, జాతరకీ అలాగే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు వర్తించదు. ప్రమాదం జరిగితే పరిహారం బండి యజమాని నెత్తినే పడుతుంది. కూలీలో, కుటుంబమో తరచూ మీతో రావలసి ఉంటే ఐదు సీట్ల బండే చూడండి. దీనికి మధ్యేమార్గం లేదు.

ఎన్ని రోజులు ఆగి ఉంటుంది. రెండో బండి అంటేనే వారంలో మూడు నాలుగు రోజులు ఇంటి ముందు నిలబడి ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి వేడెక్కి కాసేపు హైవే మీద పోవాలి. రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే బండిలో మసి పేరుకుని డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. ఆ తర్వాత బండి ఊపందుకోదు, వర్క్‌షాపుకి తీసుకెళ్లాల్సిందే. ఊళ్లోనే తిరిగే బండికి పెట్రోలు మేలు. వారానికి రెండుసార్లైనా యాభై, అరవై కిలోమీటర్లు పోయే బండికి డీజిల్ మేలు.

## పసుపు బోర్డా, తెల్ల బోర్డా

ఇక్కడ చాలామంది తడబడతారు. ఏస్, సూపర్ క్యారీ, ఇంట్రా, దోస్త్, బొలెరో పికప్, క్యాంపర్... ఇవన్నీ సరుకు బండ్లుగానే రిజిస్టర్ అవుతాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. మీ సొంత కొబ్బరికాయలే వేసినా అంతే. ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ మాత్రం సొంత వాడకానికి తెల్ల బోర్డుతో తీసుకోవచ్చు.

పసుపు బోర్డుకి మొదటి బరువు ఇన్సూరెన్సు. 2022లో నోటిఫై చేసిన రేట్ల ప్రకారం, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 16,049 రూపాయలు. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ లోపు సొంత కారుకి అది 3,416. పదిహేను వందలు దాటిన సొంత బండికి 7,897. పన్ను అదనం. చిన్న ఏస్ ప్రీమియం పెద్ద వి-క్రాస్ దానికి రెట్టింపు ఉందేమిటి అని ఆశ్చర్యపోకండి. అది బోర్డు రంగుకి పడే రేటు.

రెండోది ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్. కొత్త బండికి రెండేళ్లు ఇస్తారు. ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. తెల్ల బోర్డుకి పదిహేనేళ్ల దాకా ఆ గొడవ లేదు.

కొన్ని విషయాల్లో మాత్రం జనం అనవసరంగా భయపడతారు. కారు లైసెన్సు ఉంటే చాలు. 7,500 కిలోల లోపు సరుకు బండి నడపడానికి ప్రత్యేకంగా ట్రాన్స్‌పోర్టు లైసెన్సు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం మళ్లీ అదే ఖాయం చేసింది. పర్మిట్ సంగతీ అంతే. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. అందుకే బండి బ్రోచర్‌లో మోసే బరువు ఒక్కటే కాకుండా మొత్తం బరువు, అదే జీవీడబ్ల్యూ, ఎంతో చూసుకోండి. ఆ అంకె 2,990 దగ్గరుంటే అది ఊరికే వచ్చింది కాదు.

టోలు సంగతి కూడా చూసుకోండి. 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయలకి మొదలైన ఫాస్టాగ్ ఏడాది పాస్ సొంత కార్లకి, జీపులకే. పసుపు బోర్డుకి వర్తించదు. నాతవలస, మడపాం టోల్‌గేట్లు దాటి రోజూ తిరిగేవాళ్లు ఈ ఖర్చు విడిగా రాసుకోవాలి.

ఒక మంచి విషయం కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ధరల కాగితం చూసి ఎవరైనా రేటు చెప్తే ఒప్పుకోకండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| బండి | ఇంజను | మోసే బరువు (కిలోలు) | 80 కిలోల బస్తాలు | సీట్లు | బోర్డు |
|---|---|---|---|---|---|
| టాటా ఏస్ గోల్డ్ పెట్రోల్ | 694 సీసీ, 2 సిలిండర్లు | 750 | 9 | ఇద్దరు | పసుపు |
| మారుతి సూపర్ క్యారీ పెట్రోల్ | 1.2 లీటర్లు, 4 సిలిండర్లు | 740 | 9 | ఇద్దరు | పసుపు |
| టాటా ఇంట్రా వి30 | 1.5 లీటర్ల డీజిల్ | 1,300 | 16 | ఇద్దరు | పసుపు |
| అశోక్ లేలాండ్ దోస్త్ | 1.5 లీటర్ల డీజిల్, 3 సిలిండర్లు | రకాన్ని బట్టి 1,250–1,500 | 15–18 | రకాన్ని బట్టి | పసుపు |
| మహీంద్రా బొలెరో పికప్ | 2.5 లీటర్ల డీజిల్ | రకాన్ని బట్టి 1,300–2,000 | 16–25 | రకాన్ని బట్టి | పసుపు |
| మహీంద్రా బొలెరో క్యాంపర్ | 2.5 లీటర్ల డీజిల్ | 1,000 | 12 | ఐదుగురు | పసుపు |
| ఇసుజు వి-క్రాస్ | 1.9 లీటర్ల డీజిల్ | సరుకు కోసం కొనే బండి కాదు | – | ఐదుగురు | తెలుపు |
| టొయోటా హైలక్స్ | 2.8 లీటర్ల డీజిల్ | సరుకు కోసం కొనే బండి కాదు | – | ఐదుగురు | తెలుపు |

## చిన్నవి: ఏస్, సూపర్ క్యారీ

2005లో ఏస్ వచ్చాకే మన సందుల్లోకి నాలుగు చక్రాల సరుకు బండి వచ్చింది. ఇన్నేళ్లుగా ఉన్నందువల్ల దీనికి ఒక పెద్ద లాభముంది. నరసన్నపేటలో ఆగిపోయినా, బొబ్బిలిలో ఆగిపోయినా దీన్ని విప్పగల మెకానిక్కు, పెట్టగల సామాను అక్కడే దొరుకుతాయి. 2025 జూన్‌లో ఏస్ ప్రో 3 లక్షల 99 వేల ప్రారంభ ధరతో వచ్చింది. మోసేది 750 కిలోలే. రెండు సిలిండర్ల ఇంజను కాబట్టి అదురు ఉంటుంది. హైవే మీద వెనక నుంచి లారీవాడు హారన్ కొడుతూనే ఉంటాడు. టౌను నుంచి చుట్టుపక్కల ఊళ్ల దాకా తిరిగే కిరాణా, పాలు, వాటర్ క్యాన్ల పనికి దీన్ని మించింది లేదు.

సూపర్ క్యారీ 2016లో వచ్చింది. ఇందులో ఉన్నది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నడిపితే కారు నడిపినట్టే ఉంటుంది. ఇంట్లో కారు నడిపేవాళ్లే దీన్నీ నడపాలంటే, అంటే డ్రైవరు లేకుండా మీరో, మీ అబ్బాయో, మీ ఆవిడో తిప్పాలంటే, నా ఓటు దీనికే. పది రోజులు ఇంటి ముందు నిలబడ్డా పదకొండో రోజు తాళం తిప్పగానే స్టార్టవుతుంది. ఇబ్బందులు లేకపోలేదు. ఏస్‌లోలాగే దీనికీ ఇంజను సీటు కిందే. మే నెల మధ్యాహ్నం ఎచ్చెర్ల నుంచి టెక్కలి వెళ్లేసరికి కింద సెగ, పైన ఎండ. ముందు బానెట్టు లేని బండి కాబట్టి గుద్దుకుంటే మోకాళ్లకీ రేకుకీ మధ్య దూరం తక్కువ. రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపి ఉంచిన లారీలున్న హైవే మనది. రాత్రి ప్రయాణాలు ఎక్కువున్నవాళ్లు ఈ రెండు బండ్లూ వద్దనే అంటాను.

సూపర్ క్యారీలో సీఎన్‌జీ రకం ఖర్చు తగ్గిస్తుంది. కాని సిలిండరు బరువు పోను మోసేది 625 కిలోలే, అంటే ఏడు బస్తాలు. పెట్రోలు ట్యాంకు ఐదు లీటర్లది, అత్యవసరానికి మాత్రమే. మీరు రోజూ పోయే దారిలో సీఎన్‌జీ బంకు లేకపోతే ఆ మాట అక్కడితో వదిలేయండి.

ఎలక్ట్రిక్ ఏస్ 2022 నుంచి ఉంది. రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రికి ఇంటికొచ్చే పాల బండికో, గ్యాస్ బండికో బాగుంటుంది. తుఫానుకి వారం రోజులు కరెంటు పోయే ఉద్దానంలో, అవసరానికి తీసే రెండో బండిగా మాత్రం చెప్పను. 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత అక్కడ కరెంటు స్తంభాలు ఎన్ని పడ్డాయో చూసినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

## మధ్యవి: ఇంట్రా, దోస్త్

ఇంట్రా వి30 బాడీ దాదాపు 8 అడుగుల 10 అంగుళాల పొడవు, 5 అడుగుల 4 అంగుళాల వెడల్పు. ప్లైవుడ్ షీటు డోరు మూసి పడుతుంది. ఈ ఒక్క కారణానికే ఇంటీరియర్ పనివాళ్లు, టెంట్‌హౌస్ వాళ్లు చిన్న బండి దాటి దీని దగ్గరికి రావాలి. పదహారు బస్తాలు నిజంగానే మోస్తుంది, మొత్తం బరువు మూడు టన్నుల లోపే, స్టీరింగు తేలిక. నా లెక్కలో రెండెకరాలు దాటి తోట ఉన్న రైతుకి, అది హైవేకి ఇరవై కిలోమీటర్ల లోపల ఉంటే, సరైన బండి ఇదే. ఇంతకన్నా పెద్దది కావాలంటే వి50 ఉంది. అది ఒకటిన్నర టన్ను మోస్తుంది, పర్మిట్ గీత దాటదు.

దోస్త్ 2011 నుంచి ఉన్న బండి, గట్టిది. ఇంట్రాకీ దీనికీ తేడా బండిలో కన్నా మీ ఊరికి ఏ సర్వీస్ సెంటరు దగ్గర అన్నదాంట్లో ఎక్కువ. దగ్గరున్నది తీసుకోండి.

## పెద్దది: బొలెరో పికప్

మన వైపు బొలెరో అంటే ఒక నమ్మకం. రెండున్నర లీటర్ల ఇంజను, కింద మందపాటి కమాను కట్టలు, ముందు బానెట్టు. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కి కోరాపుట్ సంతకి వెళ్లేవాళ్లు, సీతంపేట కొండల నుంచి అనాస, పసుపు దింపేవాళ్లు దీన్నే ఎందుకు పట్టుకుంటారో ఒకసారి ఆ దారిలో వెళ్తే తెలుస్తుంది. ఎక్కేటప్పుడు ఇంజను రొప్పదు. దిగేటప్పుడు గేరులో పెడితే బండి తనంతట తనే పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు వేసి ఉంచక్కర్లేదు.

రెండో బండిగా చూస్తే ఆ గట్టిదనమే దీని లోటు. ఖాళీగా పోతే కమాను కట్టలు వంగవు. గుంతలో పడ్డ ప్రతిసారీ నడుం పట్టేస్తుంది. టన్ను బరువు వేశాకే ఒళ్లు వంచుతుంది. నెలలో సగం రోజులు ఖాళీగా, ఇంకో సగం ఐదారు బస్తాలతో తిరిగేవాళ్లు పెద్ద బండి కొనుక్కుని నడుం నొప్పి కూడా కొనుక్కున్నట్టే. సందులో తిప్పడం కష్టం. విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం పూట ఒకసారి రివర్స్ చేసి చూడండి. ఇంకోటి, దీన్లో కొన్ని రకాలు మూడు టన్నుల గీత లోపల ఉంటాయి, కొన్ని దాటిపోతాయి. బుకింగు ముందే అడగండి.

ఘాటు రోడ్డు, లేదా వారం వారం టన్ను పైన బరువు. ఈ రెండింటిలో ఒకటైనా ఉంటేనే బొలెరో.

## ఐదు సీట్లవి

బొలెరో క్యాంపర్‌ని నేను చాలామందికి చెప్తుంటాను, చాలామంది వినరు. చూడ్డానికి సర్కారు డిపార్టుమెంటు బండిలా ఉంటుందని వాళ్ల బాధ. ఐదుగురు కూర్చుంటారు, వెనక టన్ను వేయొచ్చు, ఏసీ ఉన్న రకం ఉంది, నాలుగు చక్రాలూ లాగే రకం కూడా ఉంది. నలుగురు కూలీలతో తోటకి వెళ్లే రైతుకి, మేస్త్రీలని వెంటేసుకుని తిరిగే కాంట్రాక్టరుకి, కరెంటు పనివాళ్లకి ఇదే బండి. బాడీ ఐదడుగుల లోపే. పొడుగు సరుకు పట్టదు. పసుపు బోర్డు కాబట్టి కుటుంబంతో సింహాచలం వెళ్లొచ్చే కారులా దీన్ని చూడకండి, ఇంట్లో కారు ఎలాగూ ఉంది.

వి-క్రాస్, హైలక్స్ సంగతి వేరు. వి-క్రాస్ మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతుంది. హైలక్స్ 2022లో మన దేశానికొచ్చింది. రెండూ అయిదు మీటర్లు దాటిన పొడవు, ధర మామూలు పికప్పులకి మూడు నాలుగు రెట్లు. కవిటి ఇసుకలో, వానాకాలం మన్యంలో ఎక్కడా ఆగవు. కారులా నడుస్తాయి, తెల్ల బోర్డు, ఏటా ఎఫ్‌సీ గొడవ లేదు. కాని మీది బస్తాల పని అయితే అంత ఖరీదైన రంగు మీద జీడిపిక్కల గోనెలు ఈడ్చడానికి చేయి రాదు. కొన్నవాళ్లలో ఎక్కువమంది వెనక మూత బిగించి లగేజీ డిక్కీలాగే వాడుతున్నారు. కావాలనిపిస్తే కొనుక్కోండి, తప్పు లేదు. అది మొదటి బండి బదులు కొనే బండి. ఉన్న కారు అమ్మేసి రెండు పనులూ దీనితోనే చేసుకుంటానంటే లెక్క కుదురుతుంది. కారు పక్కన రెండో బండిగా అయితే కుదరదు.

## సముద్రం దగ్గరి వాళ్లకి

కళింగపట్నం, భావనపాడు, నౌపడ వైపు ఉండేవాళ్లు ఏ కంపెనీ బండి కొన్నా శత్రువు ఒకటే, ఉప్పు. చేపల బాక్సుల నుంచి కారే ఐసు నీళ్లు బాడీ మీద ఎండిపోతాయని అనుకుంటాం. అవి రేకు మడతల్లోంచి దిగి, బాడీ ఛాసిస్ మీద కూర్చునే చోట బోల్టుల చుట్టూ నిలుస్తాయి. పైనుంచి చూస్తే రంగు కొత్తగానే ఉంటుంది, కింద పడుకుని టార్చి వేస్తే బోల్టు తల పొరలు పొరలుగా ఊడుతుంటుంది. కొత్త బండికే అడుగున తుప్పు పట్టని పూత వేయించి, బాడీలో రబ్బరు షీటు పరిచి, సరుకు దింపిన రోజే మంచినీళ్లతో కడగాలి. తర్వాత కడుగుదాం అంటే ఆ తర్వాత రాదు.

## పాతది తీసుకుంటే

రెండో బండికి పాతది చూడటంలో తప్పులేదు. ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉందో, ఇన్సూరెన్సు బతికుందో, చలానాలు ఎన్నున్నాయో ముందు చూడండి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరిందన్న కాగితం, ఫారం 35 చేతికి రాకుండా పైసా ఇవ్వకండి. ఇచ్ఛాపురం, పార్వతీపురం, సాలూరు వైపు ఒడిశా నంబరు బండ్లు చవగ్గా వస్తాయి. అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషను, ఇక్కడి ట్యాక్సు కలిపాక ఆ చవక ఎంత మిగులుతుందో రాసుకుని అప్పుడు బేరమాడండి. వెనక బాడీ డోర్లు పైకి పెంచి వెల్డింగు చేసిన బండి కనిపిస్తే, అది ఓవర్‌లోడు మోసిన బండి. కమాను కట్టల్లో పట్టీలు అదనంగా వేశారేమో లెక్కపెట్టండి.

## టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు

షోరూమువాళ్లు ఖాళీ బండి ఇచ్చి బైపాస్ మీద తిప్పించి తెస్తారు. దానివల్ల ఏమీ తెలియదు. మీరు మామూలుగా వేసే బరువు, ఆరు బస్తాలైతే ఆరు బస్తాలే, వేసి మీ దారిలోనే తిప్పుతామని అడగండి. చాలా చోట్ల డెమో బండి ఒకటి ఉంటుంది, గట్టిగా అడిగితే ఇస్తారు. పొలం గట్టు దగ్గర మొదటి గేరులో ఎక్కించి, అక్కడే ఆపి మళ్లీ కదిలించండి. క్లచ్ వాసన వస్తుందేమో చూడండి. తర్వాత దింపే చోట రివర్స్ చేయండి. ఇంట్లో ఇంకెవరు నడుపుతారో వాళ్లని కూడా కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పించండి, కాలు క్లచ్‌కి అందుతుందో లేదో, అద్దంలో వెనక మూల కనిపిస్తుందో లేదో వాళ్లే చెప్తారు. వస్తూ వస్తూ దారిలో కాటా కనిపిస్తే సరుకుతో సహా ఒకసారి తూకం వేయించి, ఆ చీటీలోని అంకెని బ్రోచర్‌లోని మొత్తం బరువుతో పోల్చుకోండి. అంకె దాటితే ఒక సైజు పైకి వెళ్లండి. చాలా కిందుంటే ఒక సైజు దిగినా నష్టం లేదు.